ముందు ఓటర్ల జాబితా చూడు

చి. మాధవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. లండన్‌లోని బాటర్‌సీ, 1913, నల్లజాతి వాడైన జాన్ ఆర్చర్ మేయర్ కావడం. మంచి వస్తువు పట్టుకున్నావు. కానీ కథంతా ఉపన్యాసాలతో, చప్పట్లతో నింపేశావు. జనం ఊరేగింపుగా వచ్చి ఓట్లేసి ఆయన్ని మేయర్‌ని చేసినట్టు రాశావు. అక్కడి పద్ధతి అది కాదమ్మా. బాటర్‌సీ లాంటి లండన్ బరోల్లో, అంటే సొంత కౌన్సిల్ ఉన్న పట్టణ విభాగాల్లో, మూడేళ్లకోసారి జనం కౌన్సిలర్లను ఎన్నుకునేవారు. మేయర్‌ని మాత్రం ఏటా కౌన్సిలే ఎన్నుకునేది. ఆ నవంబర్ రాత్రి ఆర్చర్‌కి 40 ఓట్లు, ప్రత్యర్థికి 39. ఒక్క ఓటు తేడా! లెక్క తేలేదాకా ఆ హాల్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుంది? నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ నాలుగు పేజీలు రాసినా నేను విసుగు లేకుండా చదువుతాను.

ఆర్చర్ ఫోటో స్టూడియో నడుపుకునే మనిషి. తండ్రిది బార్బడోస్, తల్లి ఐరిష్ ఆవిడ, పుట్టింది లివర్‌పూల్‌లో. 1906లో లాచ్‌మియర్ వార్డులో గెలిచి, 1909లో ఓడి, 1912లో మళ్లీ గెలిచాడు. ఓడిన ఆ మూడేళ్లూ నీ కథలో లేనే లేవు. నాకు అవే కావాలి.

మాంచెస్టర్ మీద రాస్తానన్న రెండో కథకి ముందుగా ఓటు ఎవరికుందో తేల్చుకో. లండన్ బయటి బరోల్లో సొంత పేరు మీద ఇల్లో కొట్టో ఉండి స్థానిక పన్ను కట్టే పెళ్లికాని స్త్రీకీ, వితంతువుకీ 1869 నుంచే కౌన్సిల్ ఓటు ఉంది. పెళ్లయిన స్త్రీకి లేదని 1872లో కోర్టు తేల్చేసింది. అంటే కొట్టు నడుపుకుంటూ ఏటా ఓటేస్తున్న వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ హక్కు పోయినట్టే. కొట్టు అదే, వీధి అదే, పని చేసేదీ ఆవిడే. ఇంతకన్నా బలమైన కథ ఎక్కడ దొరుకుతుంది? కౌన్సిలర్‌గా నిలబడే హక్కయితే 1907 దాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడే ఆల్డ్‌బరో ఊరికి ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ అనే డాక్టరమ్మ మేయర్ అయింది. ఆవిడా అప్పటికి వితంతువే.

పార్లమెంటు ఓటు కోసం జరిగిన పోరాటాన్ని ఇందులోకి లాక్కురాకు, దాని గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నీ కథలో ఆ వితంతువు ఏ వార్డులో ఉంటుందో, ఏం అమ్ముతుందో, పన్ను రసీదు ఎవరి పేరు మీద వస్తుందో తేల్చుకుని, మొదటి అధ్యాయం పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు