కంపెనీ పెట్టబోయే మేనల్లుడికి

భీమవరం

చిరంజీవి అల్లుణ్ణి ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. రొయ్యల కొనుగోలు వ్యాపారాన్ని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ చేసి, ఒక్క వాటా నీ భార్య పేర, మిగిలినవన్నీ నీ పేర పెట్టుకుంటే, రేపు కోర్టు కంపెనీ అప్పులు నీ నెత్తిన వేస్తుందేమోనని అడిగావు. వాటాలన్నీ ఒక్కరి చేతిలో ఉన్నంత మాత్రాన ఏ కోర్టూ ఆ పని చెయ్యదు. 1897 నాటి తీర్పుల సంపుటంలో అచ్చయిన సాలమన్ కేసులో, బూట్ల వ్యాపారి చేతిలో 20,001 వాటాలు, అతని కుటుంబం చేతిలో ఆరు మాత్రమే ఉన్నప్పటికీ, కంపెనీ బాకీలు కంపెనీవేనని ఇంగ్లండులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మన కోర్టులు నేటికీ అక్కడినుంచే మొదలుపెడతాయి.

నన్ను కలవరపెట్టింది నీ ఉత్తరంలో రెండో పేజీ. ఆకివీడు వైపు రైతుల బాకీలను పాత ఫర్ము మీదే వదిలేసి, వ్యాన్లు, షెడ్డు, స్థలం మాత్రం కొత్త కంపెనీకి రాసేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరని నీకెవరో చెప్పారట. చెప్పినవాడికి సగమే తెలుసు. 1962 నాటి జోన్స్, లిప్‌మన్ కేసులో, స్థలం అమ్ముతానని ఒప్పుకున్నాయన మనసు మార్చుకుని దాన్ని తన గుప్పిట్లోని కంపెనీకి బదిలీ చేస్తే, ఆ కంపెనీ వట్టి ముసుగని చెప్పి, ఆయనా కంపెనీ ఇద్దరూ ఒప్పందం నెరవేర్చవలసిందేనని ఇంగ్లండు కోర్టు ఆదేశించింది. ఇక్కడైతే అంత దూరం కూడా పోనక్కరలేదు. అప్పులవాళ్లకు అందకుండా చేసిన స్థిరాస్తి బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద వాళ్లే రద్దు చేయించుకోవచ్చు.

1985లో ఎస్కార్ట్స్ కేసులో మన సుప్రీంకోర్టు, కంపెనీ అనే ఈ ముసుగు తొలగించి దాని వెనకున్నవాళ్లను ఎప్పుడు చూడవచ్చో చెప్పింది: చట్టమే తొలగించమన్నప్పుడు, మోసాన్ని అడ్డుకోవలసి వచ్చినప్పుడు, పన్ను చట్టాన్నో సంక్షేమ చట్టాన్నో తప్పించుకోజూసినప్పుడు, అనుబంధ కంపెనీలు నిజానికి ఒకే సంస్థగా నడుస్తున్నప్పుడు. జాబితా ఇంతటితో ముగిసిందని మాత్రం అనలేదు. కాబట్టి షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను రెండు కంపెనీల హాజరుపట్టీల్లోకి పంచి, పీఎఫ్ (భవిష్య నిధి) చట్టం వర్తించడానికి కావలసిన 20 మంది లెక్క తేలకుండా చేద్దామన్న ఆలోచన కూడా మానుకో. భావ్‌నగర్‌లోని ఒక రబ్బరు కంపెనీ, కార్మికుల బోనసు తగ్గించడానికి తన డివిడెండు ఆదాయాన్ని మరో కంపెనీకి మళ్లిస్తే, సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును లెక్కలోకే తీసుకోలేదు.

అసలు చాలామంది విషయంలో ముసుగు తీసే అవసరమే రాదు, తమ సంతకంతో తామే ఇరుక్కుంటారు. బ్యాంకుకు వ్యక్తిగత హామీ ఇస్తే అది నీ అప్పే. కంపెనీ చెక్కు చెల్లకపోతే సంతకం చేసిన డైరెక్టరు మీదా కేసు వస్తుంది. చెరువు గట్టు మీద కాటా దగ్గర, కిలోలూ, కౌంటూ (కిలోకు ఎన్ని రొయ్యలో), ధరా తెల్లకాగితం మీద గీకి నీ పేరు పెట్టి ఇస్తావు చూడు, ఆ చీటీ పట్టుకున్న రైతు సరుకు నీకే అమ్మానంటాడు, కంపెనీకని అనడు. ఇకమీదట ఆ చీటీ మీద కంపెనీ పేరు, రిజిస్టర్డు ఆఫీసు చిరునామా అచ్చయి ఉండాలి. నువ్వు సంతకం చేసేది డైరెక్టరుగా అని రాసి ఉండాలి. ఇంటి ఖర్చుకు కంపెనీ ఖాతాలోంచి డబ్బు తియ్యకు. జీతమో డివిడెండో తీసుకో, తీర్మానం రాయించు, నువ్విచ్చిన అప్పయినా పద్దు వేయించు. అప్పులవాళ్లను ముంచే ఉద్దేశంతో నడిపారని కంపెనీ మూసివేత సమయంలో తేలితే, తెలిసి పాల్గొన్నవాళ్లను పరిమితి లేకుండా సొంతంగా బాధ్యులను చేసే అధికారం 2013 కంపెనీల చట్టం 339వ సెక్షన్ ఇస్తుంది. ఆ రోజు నీ తరఫున మాట్లాడేది ఆ పద్దులే.

పాత బాకీలకు ఒక దారి ఉంది. ఆస్తులతోపాటు అప్పులనూ కంపెనీకే బదిలీ చేస్తూ ఒప్పందం రాయించు, ప్రతి రైతు దగ్గరా రాతపూర్వక అంగీకారం తీసుకో. ఒప్పుకోనివాళ్లకు ఈ పంట పట్టుబడి డబ్బుల్లోంచి ముందు చెల్లించు. రాసిన ముసాయిదా రిజిస్ట్రేషనుకు ముందే నాకు పంపు, చూసి తిప్పి పంపుతాను.

అక్కకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య