వెనక మూత 6119, లోపల 7009: మీ సీకో 5 సంగతి

మీరు కొన్న పాత సీకో 5 (జపాన్ కంపెనీ సీకో చేతి గడియారం) వెనక మూత మీద 6119, లోపలి మెషిన్ మీద 7009ఎ, డయల్ కింది అంచున కూడా 7009 ఉందని, ఇది అసలుదేనా అని అడిగారు. టెన్షన్ పడకండి, పరాయిది మూత ఒక్కటే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కాలపు సీకోల్లో మూత మీది మొదటి నాలుగంకెలూ మెషిన్ నంబరుతో కలవాలి. డయల్ అంచున చీమతలంత అక్షరాల్లో ఉండేదీ అదే. మీ డయల్, మెషిన్ ఒకే మాట చెబుతున్నాయి.

కానీ మూత మీది సీరియల్ నంబరు చూసి గడియారం 1971 నాటిదని లెక్కేశారే, అది వదిలేయండి. ఆ నంబరులో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల, నిజమే. అయితే అది ఆ మూత పుట్టిన తేదీ, మీ మెషిన్‌ది కాదు.

ఇక ముళ్లు. చీకట్లో అవి వెలుగుతూ డయల్ చుక్కలు వెలగకపోతే, ముళ్లు మార్చి ఉండొచ్చు లేదా వాటికి వెలిగే కొత్త పూత వేసి ఉండొచ్చు. అది పెద్ద లోపం కాదు. నాకు అసలు భయం డయల్ వెనక, దాన్ని మెషిన్‌కి పట్టి ఉంచే సన్నటి కాళ్ల గురించే. వాటిని కత్తిరించి జిగురుతో అంటించారేమో మెకానిక్ చేత విప్పించి చూపించండి. అలా ఉంటే మాత్రం వెంటనే తిరిగిచ్చేయండి. లేకపోతే సర్వీసింగ్ చేయించి హాయిగా పెట్టుకోండి. ఎప్పుడైనా అమ్మితే మూత సంగతి ముందే చెప్పండి.