దేవమాలి కొండకు వెళ్తున్న అమ్మాయికి

చి.సౌ. అమ్మాయికి రాయగడ నుంచి మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరితో దేవమాలి మీద గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉంటారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ దిగులూ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ 1672 మీటర్ల కొండ మీద నా మనవలు తెల్లవారడం చూడబోతున్నారంటే అది చిన్న సంగతి కాదు.

గుడారం అట్టపెట్టె మీద నలుగురికి అని రాసి ఉంటే నమ్మవద్దు. అది సామాను లేకుండా ఒకరినొకరు ఆనుకుని పడుకునే లెక్క కనుక మీకు ఆరుగురిది కావాలి. లోపల దోమతెర వంటి గుడ్డ, పైన వాన ఆపే గుడ్డ విడివిడిగా ఉన్నదే తీసుకో, ఎందుకంటే ఊపిరిలోని తేమ పైగుడ్డకు పట్టి నీరై కారినా పిల్లల మీద పడదు. కింద పరిచే పట్టా గుడారం అంచు దాటకూడదు, దాటితే వాన నీరు దాని మీదుగా అడుగుకు చేరుతుంది. ముందు పెరట్లో ఒకసారి వేసి చూసుకో. కొండ మీద శిఖరాన కాక, కాస్త కిందికి దిగి గాలి మరుగున వేయండి.

ఇక అసలు సంగతి. 1993 జనవరిలో, నీకు నాలుగేళ్లప్పుడు, ఆ కొండ దిగువనే అద్దెకు తెచ్చిన కాన్వాసు గుడారంలో పడుకున్నాం. నువ్వు పళ్లు కొట్టుకునేలా వణుకుతున్నావు. వంటయ్యాక కుంపట్లో మిగిలిన బొగ్గులు పైన బూడిద కట్టి, లోపల ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయి. పొగ రాని నిప్పు ఏం చేస్తుందని నేనే దాన్ని లోపలికి తెచ్చాను. మీ అమ్మ వద్దంటే, పిల్ల వణుకుతుంటే నీకు పట్టదా అని కసిరి, అంచుల కింద చీరలు కుక్కి, తలుపు తాళ్లు బిగించాను. మంచుకు తడిసిన కాన్వాసు నూలు ఉబ్బి, ఉన్న కాస్త గాలీ ఆగిపోయింది. అర్ధరాత్రి బయటికి వెళ్లబోయి మీ అత్తయ్య తలుపు దగ్గరే కూలబడింది. ఆ చప్పుడుకు లేచేసరికి నా తల పగిలిపోతోంది. నిన్ను ఎత్తుకుంటే నీ మెడ తోటకూర కాడలా నా చేతి మీద వాలిపోయింది. బయట తడిగడ్డిలో చాలాసేపటికి నువ్వు కక్కుకుని ఏడ్చావు. మీ అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు, ఈ రోజుకీ అనలేదు.

బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని అంటిపెట్టుకుంటుంది కనుక నిద్రలో ఉన్నవాడికి నిద్రలోనే ముంచుకొస్తుంది. అల్లుడుగారు చిన్న గ్యాసు పొయ్యి కొన్నారని విన్నాను. వానైనా సరే, చలైనా సరే, దాన్ని గుడారంలో వెలిగిస్తే నేను ఊరుకోను, ఈ మాట ఆయనకు నా మాటగానే చెప్పు. పైనున్న గాలి కిటికీలు రాత్రంతా తెరిచే ఉంచు తల్లీ, పిల్లలకు చలేస్తుందని మూయకు. చలి నేలలోంచే ఎక్కువగా పుడుతుంది కాబట్టి అడుగున మందంగా పరుచు. తిరిగొచ్చాక గుడారాన్ని పూర్తిగా ఆరబెట్టి మడువు, లేకుంటే బూజు పడుతుంది.

పిల్లలకు మీ అత్తయ్య ఉన్ని టోపీలు అల్లుతోంది. ఒకటి పూర్తయింది, రెండోదానికి చెవుల భాగం మిగిలింది. శుక్రవారం బస్సులో పంపుతాను.