గ్రాంట్ డబ్బు ముందు ఎవరికి? సిటీ హౌసింగ్ విభాగంలో కెరీర్ గురించి

ప్రశ్న: ఇండియాలో బీఆర్క్ చేసి, అమెరికాలో అర్బన్ ప్లానింగ్ మాస్టర్స్‌లో మొదటి ఏడాది పూర్తి చేశాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఈ సమ్మర్‌లో ఇక్కడి ఒక సిటీ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగంలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఫెడరల్ హౌసింగ్ గ్రాంట్లు వచ్చే ఐదేళ్లలో దేనికి ఖర్చు పెట్టాలో ప్రాధాన్యాలు నిర్ణయించే ప్లాన్ తయారీలో సాయం చేయాలట. నాన్నగారేమో "ఇదేం పని, డేటా అనలిటిక్స్‌కి మారిపో" అంటున్నారు. అసలు ఈ పనిలో ఏముంటుంది? దీన్ని నమ్ముకుని కెరీర్ కట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఇంటర్న్‌షిప్‌లో చేరండి. కోర్సు మారే సంగతి సమ్మర్ అయ్యాక చూసుకోవచ్చు, ఎందుకంటే ఈ పని మీ స్వభావానికి సరిపడుతుందో లేదో క్లాసులో కూర్చుంటే తెలియదు. చాలామంది ఇది పేదవాళ్లకు డబ్బులు పంచే ఉద్యోగం అనుకుంటారు. నిజానికి ఇందులో సగానికి పైగా పని, మంచి పని చేస్తున్నవాళ్లకే "ఈ ఏడాది మీకు ఇవ్వలేం" అని కారణంతో సహా చెప్పడం. ఆ కారణం రేపు పబ్లిక్ హియరింగ్‌లో నిలబడాలి, కౌన్సిల్ ముందు నిలబడాలి, ఫెడరల్ హౌసింగ్ శాఖ హడ్ తనిఖీకి వచ్చినప్పుడూ నిలబడాలి. అలాంటి కారణాన్ని తయారుచేయగలగడమే ఇక్కడ నేర్చుకోవాల్సిన విద్య.

నేపథ్యం కొంచెం చెబుతాను. 1974లో వచ్చిన హౌసింగ్ అండ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ చట్టంతో, అప్పటిదాకా వేర్వేరుగా నడుస్తున్న అర్బన్ రెన్యూవల్, మోడల్ సిటీస్ లాంటి పథకాలను కలిపి ఒకే బ్లాక్ గ్రాంట్ చేశారు. అదే సీడీబీజీ, అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. ఏ వీధికి ఏం కావాలో వాషింగ్టన్ నుంచి నిర్ణయించకుండా, హద్దులు మాత్రం గీసి నిర్ణయం స్థానిక ప్రభుత్వానికి వదిలేశారు. మెట్రో ప్రాంతాల్లోని ప్రధాన సిటీలకు, 50,000 జనాభా దాటిన ఇతర సిటీలకు, 2,00,000 దాటిన అర్బన్ కౌంటీలకు ఈ డబ్బు ఫార్ములా ప్రకారం నేరుగా వస్తుంది, చిన్న ఊళ్లకు రాష్ట్రం ద్వారా వస్తుంది. దేశం మొత్తానికి ఈమధ్య ఏడాదికి సుమారు 330 కోట్ల డాలర్లు. దీనికి తోడు అందుబాటు ధర ఇళ్ల కోసం 1990 చట్టంతో వచ్చిన హోమ్ నిధులు, ఇల్లు లేనివాళ్ల కోసం ఎమర్జెన్సీ సొల్యూషన్స్ గ్రాంట్ ఉంటాయి. మీరు సాయం చేయబోయే ఐదేళ్ల ప్లాన్, కన్సాలిడేటెడ్ ప్లాన్ అంటారు, వీటన్నిటికీ కలిపి రాసేది.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. మీ సిటీకి సీడీబీజీ కింద 10 లక్షల డాలర్లు వచ్చాయనుకోండి. ఆఫీసు నిర్వహణకు, ప్లానింగ్‌కు కలిపి 20 శాతం మించకూడదు, అంటే 2 లక్షలు. పబ్లిక్ సర్వీసెస్, అంటే పిల్లల ట్యూషన్లు, వృద్ధులకు భోజనాలు, అద్దె గొడవల్లో న్యాయ సాయం లాంటివాటికి 15 శాతం మించకూడదు, అంటే లక్షన్నర. కానీ స్వచ్ఛంద సంస్థల నుంచి దరఖాస్తుల్లో ఎక్కువ భాగం వచ్చేది ఈ లక్షన్నర కోసమే. మొత్తం కలిపితే 6 లక్షలు అడుగుతారు, అడిగిన ప్రతి ఒక్కరికీ నిజంగానే అవసరం ఉంటుంది. మిగిలిన 6.5 లక్షలేమో ఇళ్ల మరమ్మతులు, ఫుట్‌పాత్‌లు, డ్రైనేజీ, కమ్యూనిటీ సెంటర్ భవనాల లాంటి వాటికి. వీటికి దరఖాస్తులు తక్కువ వస్తాయి, పని మొదలయ్యాక జాగు ఎక్కువ జరుగుతుంది. జాగు జరిగితే ఇంకో చిక్కు ఉంది: ప్రోగ్రాం సంవత్సరం ముగియడానికి 60 రోజుల ముందు చూస్తే, ఖర్చు కాకుండా మిగిలిన మొత్తం ఏడాది గ్రాంట్‌కి ఒకటిన్నర రెట్లు దాటి ఉండకూడదు. అందుకే "ఎవరికి ఎక్కువ అవసరం" అన్న ప్రశ్న పక్కనే "ఎవరు అనుకున్న టైముకి పూర్తి చేయగలరు" అన్న ప్రశ్న కూడా ఎప్పుడూ ఉంటుంది. రెండోది న్యాయం కాదేమో అనిపిస్తుంది గానీ, పూర్తికాని ప్రాజెక్టు వల్ల ఏ పేదవాడికీ మేలు జరగదు.

ఇక అర్హత. ప్రతి పనీ మూడు జాతీయ లక్ష్యాల్లో ఒకదానికి సరిపోవాలి: తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకు మేలు చేయడం, శిథిలమైన ప్రాంతాలను బాగుచేయడం, లేదా ముంచుకొచ్చిన అత్యవసరం. ఖర్చులో కనీసం 70 శాతం మొదటిదానికే పోవాలి. తక్కువ, మధ్యస్థ ఆదాయం అంటే ఆ ప్రాంతపు మధ్యస్థ కుటుంబ ఆదాయంలో 80 శాతం లోపు. ఫుట్‌పాత్ వేయాలంటే దాన్ని వాడుకునే పరిధిలో ఉన్నవాళ్లలో సాధారణంగా 51 శాతం మంది ఈ ఆదాయం లోపు ఉండాలి. మ్యాప్ తెరిచి బ్లాక్ గ్రూపుల, అంటే సెన్సస్ లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతాల, సరిహద్దులు చూస్తే, వీధికి ఇటువైపు 58 శాతం ఉండి అటువైపు 44 ఉండొచ్చు, కౌన్సిల్ మెంబర్ ఏమో రెండు వైపులా వేయమంటారు. ఆ పరిధి ఎక్కడ గీయాలి, ఎందుకు గీయాలి అన్నది మీరు రాతపూర్వకంగా సమర్థించాలి. సిటీ హాల్ భవనానికి ఈ డబ్బు వాడకూడదు, కొత్త ఇళ్ల నిర్మాణానికి కూడా సాధారణంగా కుదరదు, దానికి హోమ్ నిధులు చూడాలి.

మరమ్మతుల్లో ఒక్క పైకప్పు తీసుకోండి. ఒక పెద్దావిడ ఇంటికి నీళ్లు కారుతున్నాయి, 20,000 డాలర్లతో బాగుచేయొచ్చు. ఇల్లు 1978కి ముందు కట్టింది అయితే సీసం పెయింట్ నిబంధన వస్తుంది. ఫెడరల్ మరమ్మతు సాయం 5,000 దాటితే సీసం ముప్పు ఎంతుందో పరీక్ష చేయించి తాత్కాలిక నివారణ చేయాలి, 25,000 దాటితే ప్రమాదం శాశ్వతంగా తొలగించాలి. ఆ ఖర్చు కలిసేసరికి, బడ్జెట్‌లో 10 ఇళ్లు అనుకున్నది 6కో 7కో దిగుతుంది. కాబట్టి "ఇళ్ల మరమ్మతు మా మొదటి ప్రాధాన్యం" అని ప్లాన్‌లో రాసేటప్పుడు ఈ లెక్క తెలిసి రాయాలి. డేటా వైపు మీకు సెన్సస్ సర్వే, దాన్నుంచి హడ్ కోసం తయారుచేసే చాస్ పట్టికలు ఉంటాయి. ఆదాయంలో 30 శాతం మించి ఇంటి ఖర్చుకే పోతున్న కుటుంబాలెన్ని, 50 శాతం మించి పోతున్నవి ఎన్ని, అందులో అద్దెకుండేవాళ్లెవరు, సొంత ఇల్లున్న వృద్ధులెవరు, అన్నీ వాటిలో దొరుకుతాయి. మీ నాన్నగారికి ఇది చూపించండి. డేటా పని ఇక్కడా ఉంది, పైగా ఆ డేటా దేనికి వాడుతున్నారో కళ్లముందు కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం మార్కుల పద్ధతి. దరఖాస్తులకు మార్కులు ఎలా వేయాలో నిర్ణయించిన రోజే డబ్బు ఎటు పోతుందో చాలావరకు నిర్ణయమైపోతుంది, కానీ జనం అప్పుడు రారు, ఫలితాలు వచ్చాక వస్తారు. టెక్సాస్‌లో 2017 నాటి హార్వీ తుఫాను తర్వాత జరిగింది చూడండి. భవిష్యత్తు వరదల నుంచి రక్షణకు వచ్చిన బ్లాక్ గ్రాంట్ నిధుల్లో సుమారు 100 కోట్ల డాలర్లను రాష్ట్ర జనరల్ ల్యాండ్ ఆఫీస్ పోటీ పద్ధతిలో కేటాయించి 2021లో ఫలితాలు ప్రకటిస్తే, తుఫానుకి అంతగా దెబ్బతిన్న హ్యూస్టన్ సిటీకి ఒక్క డాలరు రాలేదు. మార్కుల్లో ఒక అంశం, ప్రాజెక్టు వల్ల లబ్ధి పొందేవాళ్లు ఆ ఊరి మొత్తం జనాభాలో ఎంత శాతం అన్నది. వినడానికి సబబుగానే ఉంది. కానీ లెక్క వేసి చూడండి: 20,000 మందికి మేలు చేసే డ్రైనేజీ పని 20,000 జనాభా ఉన్న ఊళ్లో నూటికి నూరు శాతం, 20 లక్షలు దాటిన హ్యూస్టన్‌లో ఒక్క శాతం కూడా కాదు. మునిగేది అంతే మంది, వచ్చే మార్కుల్లో మాత్రం అంత తేడా. ఈ పద్ధతి నల్లజాతి, హిస్పానిక్ నివాసితుల పట్ల వివక్షగా పనిచేసిందని 2022 మార్చిలో హడ్ నిర్ధారించింది, రాష్ట్రం దాన్ని ఒప్పుకోలేదు. మీకు ఇంటర్న్‌షిప్‌లో స్కోరింగ్ షీట్ ఇస్తే, నింపడానికి ముందు ఇలా ఒక పెద్ద ఊరినీ చిన్న ఊరినీ, ఒక పెద్ద సంస్థనీ చిన్న సంస్థనీ పెట్టి నడిపి చూడండి. తేడా కనిపిస్తే సూపర్‌వైజర్‌కి మెయిల్ రాయండి, ఇంటర్న్ కదా అని ఊరుకోకండి.

ఇంకో మాట. ప్లాన్‌లో ప్రతి అవసరానికీ హై లేదా లో అని గుర్తు పెట్టాలి. ఎవరినీ నొప్పించకుండా ఉండటానికి అన్నీ హై అని పెట్టేసే సిటీలు ఉన్నాయి. అలా చేస్తే ఆ ఐదేళ్లూ ప్రతి ఏడాదీ ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకే పోతుంది. ప్రజల మాట వినడం కూడా అంతే, ఏడాదికి కనీసం రెండు హియరింగ్‌లు, ప్లాన్ మీద 30 రోజుల అభిప్రాయ గడువు అన్నవి చట్టం అడిగే కనీసం మాత్రమే. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి హియరింగ్ పెడితే షిఫ్టుల్లో పనిచేసే వాళ్లు ఎలా వస్తారు? సాయంత్రం పెట్టమని, స్కూల్లోనో లైబ్రరీలోనో పెట్టమని, స్పానిష్‌లోనూ నోటీసు వేయమని అడగండి. మీరు ఇంటర్న్‌గా చేయగలిగిన వాటిలో ఇది బాగా ఉపయోగపడుతుంది.

కెరీర్ సంగతి సూటిగా చెబుతాను. సిటీ ఉద్యోగాల్లో జీతం టెక్ కంపెనీల స్థాయిలో ఉండదు. నిధుల మీద ఎప్పుడూ ఒక టెన్షన్ ఉంటుంది, 2018 ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో వైట్‌హౌస్ సీడీబీజీని పూర్తిగా ఎత్తేయమని ప్రతిపాదించింది, కాంగ్రెస్ మాత్రం కొనసాగించింది. వీసా ఇంకా పెద్ద విషయం. చదువు అయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు, స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్, కోర్సు అయితేనే ఇంకో 24 నెలలు. ఉద్యోగ వీసా హెచ్1బీకి లాటరీ మినహాయింపు యూనివర్సిటీలకు, వాటికి అనుబంధ సంస్థలకు, కొన్ని పరిశోధన సంస్థలకు ఉంది గానీ సిటీ ప్రభుత్వాలకు సాధారణంగా లేదు. స్పాన్సర్ చేయని సిటీలే ఎక్కువ. కాబట్టి సిటీ ఆఫీసు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈ ప్లాన్లు రాసిపెట్టే కన్సల్టింగ్ సంస్థలు, యూనివర్సిటీల హౌసింగ్ పరిశోధన కేంద్రాలు, 1986 నుంచి నడుస్తున్న లో ఇన్‌కమ్ హౌసింగ్ ట్యాక్స్ క్రెడిట్ అనే పన్ను రాయితీతో అపార్ట్‌మెంట్లు కట్టే డెవలపర్లు, వీళ్లందరికీ గ్రాంట్ నిబంధనలూ డేటా రెండూ తెలిసినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు తక్కువ.

మీ నాన్నగారి మాటని పూర్తిగా కొట్టిపారేయకండి, అందులో సగం తీసుకోండి. కోర్సు మారకుండానే మ్యాపుల మీద డేటా చూసే జీఐఎస్, డేటా పనికి వాడే ఎస్‌క్యూఎల్ లేదా ఆర్ లాంగ్వేజ్, ప్రాజెక్ట్ ఫైనాన్స్ క్లాసులు ఎలెక్టివ్‌లుగా తీసుకోండి. సమ్మర్ అయ్యేలోపు మీ సిటీ పాత ప్లాన్‌నీ, ఏటా ఖర్చు వివరాలతో హడ్‌కి పంపే క్యాపర్ రిపోర్టునీ పక్కపక్కన పెట్టి, ఏం చేస్తామన్నారు, ఏం చేశారు అని నాలుగు పేజీల విశ్లేషణ రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ఈలోగా, ఈ వారమే, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి మీ ప్రోగ్రాం సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ వర్గానికి చెందిందో చెప్పే నంబరు, స్టెమ్ జాబితాలో ఉందో లేదో, ఈ ఇంటర్న్‌షిప్‌కి, చదువుతుండగా పనిచేయడానికి ఇచ్చే సీపీటీ అనుమతి ఎప్పటికి వస్తుందో కనుక్కోండి. ఆ అనుమతి చేతికి రాకుండా పని మాత్రం మొదలుపెట్టకండి.