నాన్న యుద్ధ పతకాలు అన్నయ్య ఒక్కడివేనా?

ప్రశ్న: మా నాన్నగారు 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో పోరాడారు. హవల్దారుగా రిటైరై, నిరుడు కాలం చేశారు. వీలునామా లేదు. పతకాలు, డిశ్చార్జి బుక్కు అన్నయ్య దగ్గర ఉన్నాయి. చూపించమంటే ‘పెళ్లయినదానివి, నీకేం హక్కు’ అంటున్నాడు. ఎవరో కొంటామన్నారని విని టెన్షన్‌గా ఉంది. అమ్మ నా దగ్గరే ఉంది. నాన్న ఏ యూనిట్‌లో పనిచేశారో మా పిల్లలకు చెబుదామన్నా చేతిలో కాగితం లేదు.

జవాబు: మీ అన్నయ్య మాట చెల్లదు. మీరు హిందువులైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేని తండ్రి స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. పెళ్లితో పనిలేదు. ఇది 2005 సవరణతో వచ్చిందని చాలామంది పొరబడతారు. స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచీ ఉన్నదే. పతకాలూ చరాస్తే కాబట్టి, వారసులు మీ ముగ్గురే అయితే తలా మూడోవంతు. 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్‌ని మూడు ముక్కలు చేయలేం, అది వేరే సంగతి.

ముందు కాగితం సంగతి చూడండి. దానికి అన్నయ్యను బతిమాలక్కర్లేదు. సిపాయిల సర్వీసు వివరాలు చూసేది ఆయా రెజిమెంటు రికార్డ్ ఆఫీసు. ఏ ఆఫీసో, సర్వీసు నంబరెంతో అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) వెతకండి. ఆమె సంతకంతోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఏయే యూనిట్లలో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి అని విడివిడిగా అడగండి. ‘మొత్తం వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే పొడి జవాబే వస్తుంది. ‘వ్యక్తిగత సమాచారం’ అని తిరస్కరిస్తే, 20 ఏళ్లు దాటిన విషయాలకు ఆ సాకు పనికిరాదని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) చూపించి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

అమ్మకం మాట నిజమైతే మాత్రం ఆలస్యం వద్దు. లాయరు నోటీసు ఇప్పించండి. వినకపోతే సివిల్ కోర్టులో భాగాల దావా వేసి, తేలేదాకా అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగవచ్చు. పతకం అంచు మీద సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. దావాలో ఆ వివరం రాస్తే ‘ఇది వేరే పతకం’ అనే వాదనకు తావుండదు. దొంగతనం కేసు పెట్టమని ఎవరైనా అంటే వినకండి. మీ అన్నయ్యా వాటాదారే, స్టేషన్లో సివిల్ తగాదా అని పంపేస్తారు.

నన్నడిగితే, దావాకు ముందు అమ్మగారిని మాట్లాడనివ్వండి. ఆమె ఉన్నంతకాలం పతకాలు ఆమె దగ్గరే ఉండేలా ఒప్పందం రాసుకుని, ముగ్గురూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయండి. చరాస్తి గనక రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ రోజే డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీనీ ఫొటో తీసుకోండి, ఖాళీగా కనిపించే పేజీలతో సహా.