వెర్నర్ సిండ్రోమ్ కణాలు అన్ని దెబ్బలకూ బెదరవు

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే మా మేనకోడలు అడిగింది: వయసు ముందే మీద పడే వెర్నర్ సిండ్రోమ్‌లో కణాలు డీఎన్ఏ దెబ్బల్ని ఎందుకు తట్టుకోలేవు?

అన్ని దెబ్బలకూ కాదమ్మా. అతినీలలోహిత కిరణాలకు దాదాపు మామూలు కణాల్లాగే ఉంటాయి. క్యాంప్టోథెసిన్ లాంటి కొన్ని మందులు పడితేనే చిక్కు. డీఎన్ఏ మెలిక విప్పడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైము ఒక పోగు కోసి, మళ్లీ అతికిస్తుంది. క్యాంప్టోథెసిన్ అతకనివ్వదు. వెనకే నకలు తీసే యంత్రాంగం వచ్చి తగులుకుంటుంది, ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఆగిపోయినట్టు. ఆ ట్రాఫిక్ విడదీసే ఎంజైముల్లో డబ్ల్యూఆర్ఎన్ ఒకటి (దీని జన్యువు 1996లో దొరికింది; వెర్నర్ సిండ్రోమ్‌లో చెడేది అదే). అది లేకపోతే పోగులు తెగి, క్రోమోజోములు అతుకుల బొంత అవుతాయి.

అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే జబ్బు. మన చిత్తూరు వైపు మేనరికాలు ఉన్నవే కదా, అందుకే చెబుతున్నా.