ఎం.ఎం.ఏ. (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోటీలో చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడం పిరికితనం కాదా? ఎప్పుడు తట్టాలో ఆటగాడికి ఎలా తెలుస్తుంది?

హైదరాబాదులో ఆరేళ్లుగా, నేలమీద పట్లతో లొంగదీసే జియు-జిత్సు సాధన చేస్తున్నాను. రెండు అమెచ్యూర్ ఎం.ఎం.ఏ. పోటీల్లో దిగాను, వాటిలో ఒకదానిలో తట్టి ఓడిపోయాను. మీ రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది చాలావరకు తేలిపోతుంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ఎప్పుడు తట్టాలన్నది పట్టును బట్టి ఉంటుంది. రియర్ నేకెడ్ చోక్‌లో ప్రత్యర్థి వెనుకనుంచి వచ్చి, ఒక చేతిని గొంతు చుట్టూ తిప్పి, మోచేతి మడత గడ్డం కిందకు వచ్చేలా బిగిస్తాడు. ఊపిరాడక తట్టారని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి పట్టు సరిగ్గా కుదిరితే గాలి గొట్టం మీద పెద్దగా ఒత్తిడి ఉండదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులు నొక్కుకుపోతాయి. నొప్పి దాదాపు తెలియదు. చెవుల్లో హోరు మొదలవుతుంది, చూపు అంచులనుంచి లోపలికి నల్లబడుతూ వస్తుంది, పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. ఊపిరి ఆడుతోంది కదా, ఇంకాసేపు ఓర్చుకుందామనుకున్న మనిషి ఆ ఆలోచన పూర్తి కాకముందే ఒరిగిపోతాడు.

ఆర్మ్‌బార్ సంగతి వేరు. ప్రత్యర్థి మన చేతిని రెండు తొడల మధ్య ఇరికించి, మణికట్టును ఛాతీకి అదుముకొని, నడుమును పైకి ఎత్తుతాడు. మోచేయి ఎటు వంగకూడదో అటు వంగుతుంది. ఇక్కడ నొప్పి ముందుగా హెచ్చరిస్తుంది గానీ, ఆ హెచ్చరికకూ గాయానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. సాధన మొదలుపెట్టిన నాలుగో నెలలో, నాకంటే పదిహేను కిలోలు తక్కువ బరువున్న తమ్ముడొకడు ఈ పట్టు వేశాడు. బలంతో లాక్కోగలనని నమ్మి నేను తట్టలేదు. తాటాకు మడిచినప్పుడు వచ్చేలాంటి చిన్న చప్పుడు మోచేతి లోపలినుంచి వినిపించింది, అతను వెంటనే వదిలేశాడు. తరువాత ఐదు వారాలపాటు కుడిచేత్తో అన్నం ముద్ద నోటిదాకా తీసుకురాలేకపోయాను. ఆ తప్పు పూర్తిగా నాదే, అతనిది కాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది హీల్ హుక్. పాదాన్ని చంకలో ఇరికించి మడమను తిప్పుతారు, ఆ మెలి వెళ్లి మోకాలి మీద పడుతుంది. నొప్పి బాగా తెలిసేసరికి మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు అప్పటికే తెగి ఉండవచ్చు. అందుకే మా కోచ్ గారు కొత్తవాళ్లకు దీన్ని నేర్పరు, నేర్చినవాళ్లకు కూడా మడమ చిక్కి మోకాలు కదలకుండా పోయిన క్షణంలోనే తట్టమని చెబుతారు. నొప్పి వచ్చేదాకా ఆగడం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇక పిరికితనం మాట. 1951లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో జపాను జూడో వీరుడు మసాహికో కిమురా, బ్రెజిల్ జియు-జిత్సు వీరుడు హీలియో గ్రేసీ చేతిని వెనక్కి మెలిపెట్టి విరిచాడు. హీలియో తట్టలేదు, అన్న కార్లోస్ ఆపితే తప్ప పోటీ ముగియలేదు. ఆ పట్టును ఈనాటికీ కిమురా అనే పిలుస్తారు. 2011 డిసెంబరులో టొరంటోలో, పట్లలో ఆరితేరిన ఎం.ఎం.ఏ. ఆటగాడు నోగేరా, తన ప్రత్యర్థి ఫ్రాంక్ మీర్‌ను గుద్దులతో పడగొట్టి దాదాపు గెలిచే దశలో ఇదే కిమురాకు చిక్కాడు. అతని పై చేతి ఎముక విరిగింది. ఆ ధైర్యాన్ని నేను కించపరచను. అయితే హీలియో కుమారుడు రాయిస్ 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన యు.ఎఫ్.సి. అనే ఎం.ఎం.ఏ. పోటీల మొదటి విడతలో ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసుకున్నాడు, ఆ ముగ్గురిలో ఎవరినీ నేను పిరికివాడు అనలేను. వాళ్లలో ఒకరైన కెన్ షామ్రాక్ ఆ తరువాత ఏళ్ల తరబడి పోటీల్లో నిలిచాడు.

నియమాలు కూడా తట్టడాన్ని ఒక్క చేతికే వదిలిపెట్టలేదు. చేతులు చిక్కుకుంటే కాలితో తట్టవచ్చు, నోటితో చెప్పవచ్చు, నొప్పికి అరిచినా రిఫరీ దాన్ని ఓటమిగానే తీసుకోవచ్చు. 2004 జూన్‌లో మీర్ వేసిన ఆర్మ్‌బార్‌లో టిమ్ సిల్వియా ముంజేయి విరగడం చూసి రిఫరీ హెర్బ్ డీన్ పోటీ ఆపేశాడు. తనకేమీ కాలేదని సిల్వియా వాదించాడు గానీ ఎముక నిజంగానే విరిగింది. తట్టేటప్పుడు గాలిలో చేయి ఊపకుండా ప్రత్యర్థి ఒంటిమీద, అతనికి తెలిసేలా, రిఫరీకి కనబడేలా గట్టిగా తట్టాలి.

మా దగ్గరికి పాతబస్తీ తాలీమ్‌లో (కుస్తీ నేర్పే వ్యాయామశాలలో) పెరిగిన పహిల్వాన్ ఒకాయన వచ్చేవారు. కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓటమి కనుక, కింద పడగానే ఆయన బోర్లా తిరిగేవారు, మేము వెంటనే వీపెక్కి మెడ పట్టేవాళ్లం. అంతకంటే ఆయనను ఇబ్బందిపెట్టింది మరొకటి ఉంది. “కుస్తీలో నేను ఓడానని పంచ్ (తీర్పరి) చెబుతాడు, ఇక్కడ నేనే చెప్పాలా భయ్యా?” అని అడిగారు. నాకు ఈ క్రీడలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. తన పట్టు పూర్తయిందో లేదో ప్రత్యర్థికి అనుమానం ఉండవచ్చు, రిఫరీకి కనిపించకపోవచ్చు. చిక్కినవాడికి మాత్రం తెలుసు, తెలిసినదాన్ని అతనే ఒప్పుకోవాలి. తట్టగానే వదులుతారన్న నమ్మకం ఉంది కాబట్టే మేము వారానికి ఐదు రోజులు పూర్తి బలంతో పట్లు వేసుకోగలుగుతున్నాం.

నేను ఓడిన పోటీలో రెండో రౌండులో నడుము పట్టి పడగొట్టబోయి, ముందునుంచి మెడ చుట్టూ చేయి బిగించే గిలెటిన్‌కు చిక్కాను. తల అతని చంక కింద ఉంది, మెడ తిప్పి చూశాను, చేయి దూర్చి చూశాను, సందు దొరకలేదు. చెవుల్లో హోరు మొదలవగానే అతని వీపు మీద మూడుసార్లు తట్టాను. అతను మూడో దెబ్బకే వదిలి, భుజం పట్టి నన్ను లేపి నిలబెట్టాడు. ఆ రాత్రి ఇంట్లో కుడిచేత్తోనే భోంచేశాను, మర్నాడు సాయంత్రం మళ్లీ మ్యాట్ మీదికి వెళ్లి అదే గిలెటిన్‌నుంచి బయటపడే పద్ధతిని కోచ్ గారి దగ్గర మొదటినుంచి నేర్చుకున్నాను.